పాత ప్యాడ్లు పారేసే ముందు ఒకసారి చూడు: 2017 ఎస్‌టీఐకి ఇంట్లోనే బ్రేక్ ప్యాడ్లు మార్చడం

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్ దగ్గర ఉంటాడు, 2017 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ముందు చక్రాల ప్యాడ్లు అరిగి 4 మి.మీ.కి వచ్చేశాయి, వచ్చే నెల ఆస్టిన్‌లో మొదటి ట్రాక్ డే (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) ఉంది, డీలర్ చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయట. "అన్నా, ఇంట్లో నేనే మార్చుకోవచ్చా, ఏ ప్యాడ్లు కొనాలి, హైదరాబాద్‌లో మా బావకి ఆక్టేవియా ఆర్‌ఎస్ ఉంది, దానికీ ఇదే పద్ధతా?" అని.

మార్చుకోవచ్చు. ఇంకో మాట చెప్తాను, మీ ఇంట్లో క్యామ్రీ ఉంటే దాని ప్యాడ్లు మార్చడం కన్నా నీ ఎస్‌టీఐ ప్యాడ్లు మార్చడమే తేలిక. మామూలు కార్లలో కాలిపర్, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్క్‌కి (రోటర్) ప్యాడ్లను నొక్కే భాగం, ఒక పక్క పిస్టన్‌తో, రెండు పిన్నుల మీద జారుతూ ఉంటుంది. బోల్టు విప్పాలి, కాలిపర్‌ను పైకి లేపి గొట్టం మీద బరువు పడకుండా తీగతో కట్టాలి, ఆ జారే పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టాలి. నీ కారుకున్న బ్రెంబో కాలిపర్ కదలదు, ముందు చక్రాలకు అటు రెండు ఇటు రెండు, మొత్తం నాలుగు పిస్టన్లు, వెనక చక్రాలకు రెండేసి. ప్యాడ్లు కాలిపర్ వెనక కిటికీ లాంటి ఖాళీలోంచి బయటికి వచ్చేస్తాయి. కాలిపర్ బోల్టు ఒక్కటి కూడా ముట్టుకోనక్కర్లేదు. పర్‌ఫార్మెన్స్ కారు అనగానే భయపడి డీలర్ దగ్గరికి పరిగెత్తేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అయితే ఆ తేలికదనమే మోసం కూడా. వీడియోల్లో 20 నిమిషాల్లో చక్రం ఊడదీసి, ప్యాడ్లు దోపి, చేతులు దులుపుకుని వెళ్లిపోతారు. ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకైతే దాంతో ఎలాగో గడిచిపోతుంది. ట్రాక్ మీదికి వెళ్లే కారుకి ప్యాడ్లు మార్చడమనేది పనిలో పావు వంతే, మిగతా ముప్పావు పాత ప్యాడ్లను చదవడం, బ్రేక్ ఆయిల్ మార్చడం, కొత్త ప్యాడ్లను రోటర్‌కి అలవాటు చేయడం. నేను ఈ జవాబులో ఎక్కువ సేపు వాటి మీదే ఉంటాను, ఓపిక పట్టు.

ముందు కొనడం. నీది 2017 కాబట్టి ముందు రోటర్ 326 మి.మీ., వెనక 316 మి.మీ. 2018 నుంచి ఎస్‌టీఐకి ముందు ఆరు పిస్టన్ల కాలిపర్లు, 340 మి.మీ. రోటర్లు వచ్చాయి, అవే ఆ పసుపు పచ్చగా మెరిసేవి. ఆ ప్యాడ్లు నీకు పట్టవు, నీవి వాటికి పట్టవు. ఆన్‌లైన్‌లో "2015 నుంచి 2021 దాకా ఎస్‌టీఐ అన్నిటికీ" అని రాసి అమ్మే వాళ్లుంటారు, సంవత్సరం చూసుకోకుండా కొంటే చక్రం విప్పి, కారుని జాక్ స్టాండ్ల మీద పెట్టాక తెలుస్తుంది. పైగా నీది సెకండ్ హ్యాండ్ అంటున్నావు, ముందు ఓనరు కాలిపర్లు మార్చి ఉండొచ్చు. ఆర్డర్ పెట్టే ముందు చక్రం విప్పి ఒకసారి కళ్లతో చూడు.

ప్యాడ్ అంచు మీద అచ్చు వేసిన కోడ్ ఉంటుంది, చివర్లో ఎఫ్‌ఎఫ్, జీజీ, ఎఫ్‌జీ లాంటి రెండక్షరాలు కనిపిస్తాయి. అది రాపిడి గుణకం. ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కాక. రెండో అక్షరం మొదటిదాని కన్నా తక్కువైతే వేడెక్కేకొద్దీ పట్టు సడలుతుందని అర్థం. కానీ ఆ పరీక్ష వేడి దాదాపు 340 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది, ట్రాక్ మీద రోటర్ 500 దాటడం మామూలు విషయం, కాబట్టి ఈ అక్షరాలు రోడ్డు వాడకానికి పనికొచ్చినంతగా ట్రాక్‌కి పనికిరావు. దాని పక్కనే ఏ, బీ, ఎన్ అని ఇంకో అక్షరం ఉంటుంది, అది రాగి శాతం గురించి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు బ్రేక్ దుమ్ములోని రాగి వానల్లో కొట్టుకుపోయి చేపలకు చేటు చేస్తోందని చట్టం తెచ్చాయి. ఎన్ అంటే 0.5 శాతం లోపు. దానికీ బ్రేక్ పట్టుకీ సంబంధం లేదు, డబ్బా మీద ఆకుల బొమ్మ చూసి ఇదేదో ఆర్గానిక్ ప్యాడ్ అనుకుని కంగారు పడతావని చెప్తున్నా.

మొదటి ట్రాక్ డే, రోడ్డు టైర్లు, అదే కారులో సోమవారం ఆఫీసుకి వెళ్లాలి. అలాంటప్పుడు అసలైన రేస్ ప్యాడ్లు వద్దు. హాక్ డీటీసీ-60 లాంటివి చల్లగా ఉన్నప్పుడు బద్ధకంగా పట్టుకుంటాయి, పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గర గుండె జారుతుంది, పైగా బస్సు ఆగినట్టు కీచుమని అరుస్తాయి. హాక్ హెచ్‌పీ ప్లస్, ఫెరోడో డీఎస్2500 తరగతి ప్యాడ్లు రెండింటికీ మధ్యరకం. కొంచెం అరుపు, చాలా దుమ్ము, కానీ కొత్తగా ట్రాక్‌కి వెళ్లేవాడు పెట్టే వేడిని తట్టుకుంటాయి. సిరామిక్ అని రాసి ఉన్న నిశ్శబ్దమైన, దుమ్ము రాని ప్యాడ్లు రోడ్డుకి బంగారం లాంటివే, ట్రాక్‌కి మాత్రం తీసుకెళ్లకు. ముందూ వెనకా ఒకే కంపెనీ, ఒకే రకం వెయ్యి. ముందు మాత్రమే గట్టి పట్టున్న ప్యాడ్లు వేసి వెనక పాతవే ఉంచితే బ్రేక్ బ్యాలన్స్ ముందుకి జరిగిపోయి, ముందు చక్రాల మీదే భారమంతా పడుతుంది. ఎడమా కుడీ జంటగా మార్చాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

డబ్బు మిగలాలంటే ప్యాడ్లలో ఒక మెట్టు తగ్గినా ఫర్వాలేదు గానీ, బ్రేక్ ఆయిల్ దగ్గర తగ్గకు. ఎందుకో లెక్క వేసి చూపిస్తా. నువ్వు, కారు కలిపి 1,600 కిలోలు అనుకుందాం. ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ట్రాక్‌లో వెనక పెద్ద స్ట్రెయిట్ చివర 12వ మలుపు ఉంది చూడు, అక్కడ గంటకు 200 కి.మీ. నుంచి 100కి దిగాలంటే దాదాపు 18 లక్షల జూళ్ల శక్తి పోగొట్టాలి. గాలి కొంత తీసుకున్నా, మిగిలిన దాంతో ఐదు లీటర్ల నీళ్లు మామూలు వేడి నుంచి మరిగే దాకా వస్తాయి. ఒక్క బ్రేకుకి, కొన్ని సెకన్లలో. ల్యాప్‌కి అలాంటి పెద్ద బ్రేకింగ్‌లు ఇంకా ఉన్నాయి, 5.5 కిలోమీటర్ల ట్రాక్, 20 మలుపులు. ఆ వేడి రోటర్ నుంచి ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి పిస్టన్‌కి, పిస్టన్ నుంచి దాని వెనకున్న ఆయిల్‌కి చేరుతుంది. ప్యాడ్ పల్చబడే కొద్దీ మధ్యలో అడ్డుగోడ పల్చబడుతుంది. అందుకే రోడ్డు మీద 3 మి.మీ. దాకా వాడుకోవచ్చు అనే ప్యాడ్‌ని, ట్రాక్‌కి వెళ్లేవాళ్లు సగం అరగ్గానే పక్కన పెడతారు. నీ 4 మి.మీ. ప్యాడ్లతో ఆస్టిన్ వెళ్దామనే ఆలోచన ఏ మూలైనా ఉంటే మానుకో.

డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, 3.7 శాతం నీళ్లు చేరాక ఆ అంకె 155కి పడిపోయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. సెకండ్ హ్యాండ్ కారులో ఆయిల్ ఎప్పుడు మార్చారో దేవుడికే ఎరుక. ఒకసారి మరిగిందంటే గొట్టాల్లో ఆవిరి బుడగలు, ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడల్ నేల దాకా పోతుంది. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా 312 డిగ్రీలు తట్టుకుంటుంది, రెండు అర లీటర్ డబ్బాలు తీసుకో, నాలుగు చక్రాలకు సరిపోతుంది. మూత తీసిన డబ్బాలో మిగిలింది వచ్చే ఏడాదికి దాచుకోకు. డాట్ 5 అని ఉన్నది సిలికాన్ ఆయిల్, అది నీ కారులో పొయ్యనే కూడదు. డాట్ 5.1 వేరు, అది ఫర్వాలేదు. పేర్లు పెట్టినవాడెవడో గానీ జనాన్ని బాగా ఇబ్బంది పెట్టాడు.

ఇక పని. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు కాగితాలు ఒకసారి చూసుకో, పార్కింగ్‌లో కారు రిపేరు చేయకూడదని చాలా చోట్ల రాసి ఉంటుంది, టో చేసుకుపోతే డీలర్ రేటే చవకనిపిస్తుంది. గరాజ్ ఉన్న ఫ్రెండ్‌ని పట్టుకో, ఆయిల్ మార్చేటప్పుడు పెడల్ తొక్కడానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి. నేల చదునుగా, సిమెంటుదై ఉండాలి. టెక్సస్ ఎండలో మెత్తబడిన తారు మీద స్టాండ్ కాలు దిగబడుతుంది. చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎక్కించు. వెనక చక్రాలకు అడ్డు పెట్టు. కారు స్టాండ్ల మీద కూర్చున్నాక చేత్తో గట్టిగా ఊపి చూడు, ఊగితే ఇప్పుడే ఊగాలి, నువ్వు పక్కన కూర్చున్నాక కాదు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు దగ్గర పని చేసేవాడిని నేను నా గరాజ్‌లోకి రానివ్వను. స్టాండ్లు ఎవరి దగ్గరైనా పాతవి తీసుకుంటే ఇంకో జాగ్రత్త, 2020లో హార్బర్ ఫ్రైట్ పిట్స్‌బర్గ్ బ్రాండ్ 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లు కొన్నిటిని రీకాల్ చేశారు, పళ్ల పట్టు జారి కిందికి దిగిపోయే ప్రమాదం ఉందని. మోడల్ నంబరు చూసుకో. టార్క్ రెంచ్, బ్రేకర్ బార్ లాంటివి ఒక్కసారి కోసం కొనక్కర్లేదు, ఆటోజోన్‌లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని తిరిగిచ్చేయొచ్చు.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తిప్పి వదులు చెయ్యి. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ ఖాళీ నింపడానికి డబ్బాలో మట్టం తగ్గుతుంది. ముందు ఓనరు తగ్గిందని పైదాకా నింపేసి ఉంటే, నువ్వు పిస్టన్లు వెనక్కి నెట్టగానే అది పొంగి పెయింట్ మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. సిరంజితో కొంచెం లాగేసి, చుట్టూ గుడ్డ పెట్టు.

చక్రం తీశాక స్టీరింగ్‌ను ఒక పక్కకి తిప్పితే కాలిపర్ వెనక భాగం నీ వైపు తిరుగుతుంది. ఏదీ ముట్టుకోకముందే ఫోన్‌తో ఫొటో తీసుకో. లోపల ఏముందో చూడు: అడ్డంగా రెండు పిన్నులు, వాటి కింద నొక్కుకుని ఉన్న కత్తెర ఆకారపు స్ప్రింగ్ రేకు. పిన్నుకి లోపలి వైపు చిన్న క్లిప్ ఉంటే ముందు దాన్ని లాగు. తర్వాత పిన్ను కన్నా కాస్త సన్నని పంచ్ పెట్టి, బయటి నుంచి ఇంజిన్ వైపుకి చిన్న సుత్తితో కొట్టు. మొదటి రెండు మూడు దెబ్బలకి ఏమీ కదిలినట్టు ఉండదు, తుప్పు పట్టుంటే ఇంకాస్త. ఆ తర్వాత శబ్దం మారుతుంది, గట్టి టకటక నుంచి బోలు శబ్దానికి, అదే పిన్ను విడిచిన గుర్తు. ఇంకో చేతి బొటనవేలితో స్ప్రింగ్ రేకుని నొక్కి పట్టుకుని పిన్ను లాగు. నొక్కి పట్టకపోతే రేకు ఎగిరి మొహం మీదికి వస్తుంది, కళ్లద్దాలు పెట్టుకోమనేది అందుకే. మేకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో కొడితే పిన్ను తల వెడల్పయి రంధ్రంలో ఇరుక్కుంటుంది, పంచ్ సెట్ పది డాలర్లే, కొనుక్కో.

ప్యాడ్లు బయటికి వచ్చాయి. ఇక్కడ ఆగు. ఏది లోపలిది, ఏది బయటిది, ఏ చక్రానిది అని మార్కర్‌తో వెనక రాసి, నాలుగూ వరసగా పెట్టి చూడు. నువ్వు కారు గురించి డీలర్‌ని అడిగినా చెప్పని విషయాలు వీటిలో ఉంటాయి.

లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ ఒకేలా అరిగి ఉంటే నాలుగు పిస్టన్లూ బాగా పనిచేస్తున్నట్టు. ఒకటి 6 మి.మీ., ఇంకోటి 3 మి.మీ. ఉంటే ఒక పక్క పిస్టన్ బిగుసుకుంది, లేదా ప్యాడ్ ఇనుప చెవులు కాలిపర్‌లో తుప్పుకి ఇరుక్కుని జారట్లేదు. ఒకే ప్యాడ్ పై నుంచి కిందికి ఏటవాలుగా అరిగి ఉంటే రెండు కారణాలు. గట్టిగా వాడిన కార్లలో రోటర్ ముందుగా తాకే అంచు, విడిచే అంచు కొంచెం తేడాగా అరగడం సహజం, మిల్లీమీటరు దాకా పట్టించుకోకు. అంతకు మించితే ఆ జతలో ఒక పిస్టన్ మందకొడిగా ఉంది. ఎడమ వైపు, కుడి వైపు పోల్చు. ఎడమవి చాలా ఎక్కువ అరిగితే కుడి కాలిపర్ పనిచేయట్లేదా, ఎడమది వదలట్లేదా అని ఆలోచించాలి. బ్రేక్ తొక్కినప్పుడు కారు ఒక పక్కకి లాగుతోందా, గుర్తు తెచ్చుకో.

ముఖం చూడు. అద్దంలా మెరుస్తుంటే వేడికి గ్లేజ్ అయింది, అంటే గట్టిపడి నున్నబడింది. అంచులు పెళుసుగా చిట్లి, వేలితో గీకితే రాలుతుంటే ఆ ప్యాడ్ దాని తాహతుకు మించిన వేడి చూసింది, అంటే ముందు ఓనరు కారుని ట్రాక్‌కో కొండ రోడ్లకో తీసుకెళ్లాడు, అమ్మేటప్పుడు నీకేం చెప్పినా సరే. అదే నిజమైతే పిస్టన్ల చుట్టూ ఉన్న రబ్బరు బూట్లు చూడు. మెత్తగా, నల్లగా ఉండాలి. గోధుమ రంగుకి తిరిగి గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటే లోపల సీలు కూడా వేడి తిన్నట్టే. బూటు చుట్టూ తడి కనిపిస్తే ఆ రోజుకి పని ఆపెయ్యి, కాలిపర్ రీబిల్డ్ చేయించాకే కొత్త ప్యాడ్లు. ఆయిల్ తగిలిన ప్యాడ్ పనికిరాదు, కడిగినా పనికిరాదు.

అంతా బాగుంటే పిస్టన్లు వెనక్కి. నాలుగు పిస్టన్ల కాలిపర్‌లో ఒకదాన్ని నెడితే ఎదురుగా ఉన్నది బయటికి వస్తుంది, కాబట్టి రెండు ప్యాడ్లూ బయటే ఉంచి కుస్తీ పట్టకు. చూడ్డానికి తీసిన పాత బయటి ప్యాడ్‌ని దాని చోట తిరిగి దోపి, లోపలి పిస్టన్ల జతను పాత ప్యాడ్ ఆనించి, వెడల్పు రేకుతో రోటర్ వైపు నుంచి నెమ్మదిగా నెట్టు, కొత్త లోపలి ప్యాడ్ దోపు, తర్వాత బయటిది. చేతి బలంతో నెమ్మదిగా పోవాలి. ఒక పిస్టన్ మాత్రం మొండికేస్తే ఇందాక చదివిన ప్యాడ్ దాన్నే చూపించి ఉంటుంది. ప్యాడ్లు బయట ఉన్నప్పుడు పెడల్ ఎవరూ తొక్కకూడదు. పిల్లలుంటే కారు తలుపులు లాక్ చెయ్యి, ఇది సరదాగా చెప్పట్లేదు.

ప్యాడ్ చెవులు ఆనుకునే చోట తుప్పుని నైలాన్ బ్రష్‌తో, బ్రేక్ క్లీనర్‌తో తుడువు. కంప్రెసర్ గాలితో ఊదకు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయేది కాదు. కొత్త ప్యాడ్ చేత్తో అటూ ఇటూ సులువుగా జారాలి. చెవుల దగ్గర, వెనక రేకు దగ్గర బ్రేక్ గ్రీజు పల్చగా, గోరంత. ముఖం మీద వేలి ముద్ర కూడా పడకపోతే మంచిది.

రోటర్ మందం చూడు. ముందుది కొత్తగా 30 మి.మీ., వెనకది 20, ఎంత దాకా వాడొచ్చో రోటర్ మీదే అచ్చు కొట్టి ఉంటుంది. మామూలు వెర్నియర్ స్కేలు పెడితే అంచున మిగిలిన గట్టు అడ్డుపడి ఎక్కువ చూపిస్తుంది, మైక్రోమీటరుతో లోపల కొలువు. గోరు అడ్డంగా జరిపితే తట్టుకునేంత గాడులుంటే మార్చు. సన్నని గీతలు ఫర్వాలేదు. బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోందని "రోటర్ వంగింది" అంటారు చాలామంది, తొంభై పాళ్లు అది వంగడం కాదు, వేడి ప్యాడ్‌తో ఆగి పెడల్ నొక్కి పట్టుకోవడం వల్ల ఒకే చోట ప్యాడ్ పదార్థం అంటుకుని మందం తేడా రావడం. రోటర్ మార్చాల్సి వస్తే అప్పుడు కాలిపర్ బోల్టులు విప్పాలి, ముందువి తిరిగి 155 న్యూటన్ మీటర్లకు బిగించాలి. హబ్‌కి అతుక్కుపోతే సుత్తితో బాదకు, రోటర్ టోపీ మీద రెండు మర రంధ్రాలుంటాయి, వాటిలో 8 మి.మీ. బోల్టులు బిగిస్తూ పోతే అదే ఊడొస్తుంది. వెనక రోటర్ టోపీ లోపల హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ ఉంది, లివర్ దించి ఉండాలి. ప్యాడ్లు మాత్రమే మారిస్తే హ్యాండ్‌బ్రేక్‌తో పనే లేదు.

స్ప్రింగ్ రేకు, పిన్నులు ఫొటోలో ఉన్నట్టే తిరిగి పెట్టి, పిన్ను తల పూర్తిగా ఆనే దాకా కొట్టు. నాలుగు చక్రాలూ అయ్యాక ఆయిల్ మార్చడం. ఒక్కో కాలిపర్‌కి రెండేసి బ్లీడర్లు (పాత ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూలు) ఉంటాయి, లోపల ఒకటి బయట ఒకటి, బయటిది ఒక్కటే వదిలి అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. ఫ్రెండ్ పెడల్ తొక్కి పట్టుకుంటాడు, నువ్వు బ్లీడర్ పావు చుట్టు వదిలి, ఆయిల్ వచ్చాక బిగించి, అప్పుడు "వదులు" అనాలి. ఆ మాట అనకముందే అతను కాలు ఎత్తితే గాలి లోపలికి లాగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టు, పాత మాస్టర్ సిలిండర్ సీళ్లు ఎన్నడూ వెళ్లనంత లోతుకి వెళ్తే చెడిపోవచ్చు. పైన డబ్బా ఎండిపోకుండా చూసుకో, ఎండితే గాలి ఏబీఎస్ దాకా పోయి పని పెరుగుతుంది.

కారు కదిపే ముందు పెడల్ గట్టిపడే దాకా పంపు కొట్టు. మొదటి కొన్ని సార్లు నేల దాకా పోతుంది, పిస్టన్లు ప్యాడ్ల దాకా రావాలి కదా. ఇది మరిచిపోయి గరాజ్ తలుపుని గుద్దినవాళ్లు ఊరికొకరు ఉంటారు. తర్వాత ఆయిల్ మట్టం చూసి మూత బిగించు. చక్రాల నట్లు నక్షత్రం వరసలో 120 న్యూటన్ మీటర్లు, అంటే 89 పౌండ్ అడుగులు, మరలకి గ్రీజు పెట్టకుండా. ఇంపాక్ట్ గన్‌తో బిగించి టార్క్ రెంచ్ క్లిక్ అనిపించుకోవడం టార్క్ పెట్టడం కాదు. 50 మైళ్లు తిరిగాక ఇంకోసారి చూడు.

ఇక బెడ్డింగ్, చాలామంది వదిలేసేది ఇదే. కొత్త ప్యాడ్ పదార్థం పల్చటి పొరలా రోటర్ అంతటా సమంగా అంటుకోవాలి, అప్పుడే పూర్తి పట్టు వస్తుంది. ఆదివారం తెల్లవారుజామున ఊరి బయటికి, వెనక ఎవరూ లేని ఫార్మ్ రోడ్డు మీదికి వెళ్లు. 635 హైవే మీద చేయకు. ముందు మామూలుగా నాలుగైదు సార్లు బ్రేక్ వేసి వేడి చెయ్యి. తర్వాత 60 మైళ్ల నుంచి 10 మైళ్లకు, ఏబీఎస్ రానంత గట్టిగా, ఎనిమిది పది సార్లు వరసగా. పూర్తిగా ఆగకూడదు. మధ్యలో కాలిన వాసన వస్తుంది, కొంచెం పొగ కూడా రావొచ్చు, కంగారు పడకు. ఆ తర్వాత పది నిమిషాలు బ్రేక్ దాదాపు ముట్టకుండా నడిపి చల్లార్చు. ఇంటికొచ్చి చూస్తే రోటర్ మీద నీలిబూడిద రంగు పొర సమంగా కనిపించాలి. ప్యాడ్ తయారుచేసినవాళ్ల డబ్బాలో వేరే పద్ధతి రాసి ఉంటే నా మాట పక్కన పెట్టి అదే చెయ్యి.

బావగారి ఆక్టేవియాకి ఇదే పద్ధతి కాదు. దాని కాలిపర్ జారే రకం, పైన చెప్పిన గైడ్ పిన్నుల పని అంతా ఉంటుంది. ముందు పిస్టన్ నేరుగా లోపలికి నెట్టొచ్చు. వెనక మాత్రం ముందు పార్కింగ్ బ్రేక్ ఏ రకమో చూసుకోవాలి. చేత్తో లాగే లివర్ ఉంటే వెనక పిస్టన్‌ని తిప్పుతూ నెట్టే టూల్ కావాలి, సి-క్లాంప్‌తో నేరుగా నొక్కితే లోపలి మర విరుగుతుంది. స్విచ్ రకమైతే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టి మోటార్ వెనక్కి తిప్పించాలి, బలవంతం చేస్తే మోటార్ పోతుంది, దాని ముందు ప్యాడ్ల ఖర్చు చిల్లర. ఆయనకి చక్రాల నట్లు ఉండవు, బోల్టులే ఉంటాయి, చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు ఇంకో మనిషి ఉంటే మంచిది. ఆయన ట్రాక్‌కి వెళ్లకపోయినా శ్రీశైలం ఘాట్ దిగుతుంటాడు కదా, ఆయిల్ ఎప్పుడు మార్చాడో అడుగు. గేరు తగ్గించకుండా బ్రేక్ మీద కాలు ఉంచి ఘాట్ మొత్తం దిగేవాళ్లకి ఆయిల్ మరగడానికి ఆస్టిన్ దాకా రానక్కర్లేదు.

ట్రాక్ రోజున ఒక్క తేడా గుర్తుపెట్టుకో. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయి, ఒక ల్యాప్ నెమ్మదిగా తిప్పితే కోలుకుంటాయి. పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే ఆయిల్ మరిగింది, వెంటనే పిట్‌లోకి వచ్చెయ్యి, చల్లారాక మళ్లీ బ్లీడ్ చేయకుండా బయటికి వెళ్లకు. సెషన్ అయి పార్క్ చేసినప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగకు, గేర్‌లో పెట్టి చక్రాలకి అడ్డు పెట్టు. ఇంటికి రాగానే చక్రాలు కడుగు, ఆ ప్యాడ్ల దుమ్ము తడిసి రాత్రంతా ఉంటే చక్రాల పెయింట్‌లోకి తుప్పు మచ్చలై దిగిపోతుంది. తీసిన పాత ఆయిల్‌ని ఇంజిన్ ఆయిల్ డబ్బాలో కలపకుండా వేరే సీసాలో పట్టి, మీ సిటీ హజార్డస్ వేస్ట్ సెంటర్‌లో ఇచ్చెయ్యి. ప్యాడ్ల ఫొటోలు తీస్తావు కదా, నాలుగు చక్రాలవీ పెట్టు, చూసి చెప్తా.